సోములు అనని మాట

పోయిన వారం శ్రీదుర్గని మనం స్కూటీ మీద వదిలిపెట్టాం. హైదరాబాదులో పది రోజుల ట్రైనింగు ముగించుకుని, తెల్లారే బస్సు దిగి, ఇంటికైనా పోకుండా తిన్నగా ఆఫీసుకి బయలుదేరింది. "ఇక నుంచి నువ్వు కమ్యూనికేషన్స్ మేనేజరువి. ఆ ఉద్యోగపు ఉత్తరం నేనే నర్సీపట్నం తెచ్చి నీ చేతిలో పెడతా" అని కంపెనీలో పై అధికారి సాహితి అక్క ఫోనులో అన్న మాట ఆ పిల్ల చెవిలో ఇంకా తియ్యగా మోగుతోంది. ఊరు దాటింది, బలిఘట్టం రోడ్డు ఎక్కింది, హరితమాల ఫుడ్స్ వారి కొనుగోలు కేంద్రం గేటు కనపడింది. గేటు ముందు జనం. జనం నడుమ మైకు సోములు తాత ఆటో. అక్కడికి వచ్చేసరికి శ్రీదుర్గ బ్రేకు వేసింది. మనమూ అక్కడే ఆగాం.

దిగిన కంగారులో స్టాండు సరిగ్గా పడలేదు. స్కూటీ పక్కకి ఒరిగి దబ్బున పడింది. ఇదివరకైతే నలుగురు పరిగెత్తుకొచ్చి ఎత్తేవారు, "దెబ్బ తగిలిందేటమ్మా" అని అడిగేవారు. ఇవాళ వందమంది చూశారు, ఒక్కరూ కదల్లేదు. పడిన బండిని ఆ పిల్లే లేవనెత్తుకుంది.

జనం కాళ్ళ దగ్గర గోనె బస్తాలు మూతులు విప్పి ఉన్నాయి. నిండా జీడిపిక్కలే. ఎండిన పిక్కలైతే చేత్తో కదిపితే గలగలమంటాయి. ఇవి గలగలమనేలా లేవు. నల్లబడి, బూజు పట్టి, ముక్కిన వాసన కొడుతున్నాయి. నాలుగు రోజుల కిందటి గాలివానకి కల్లాల్లోనే తడిసిన సరుకు అది.

"అదిగో, వొచ్చినాది మన మేనేజరమ్మ!" అన్నాడు సత్తిరాజు.

సత్తిరాజుకి నాతవరం వైపు నాలుగెకరాల జీడితోట ఉంది. నోరు పెద్దది. శ్రీదుర్గ ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పిల్లని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిప్పి ఫోను నెంబర్లు రాయించినవాడు అతనే. కంపెనీ చెప్పాలనుకున్న మాట రైతుకి చేరవేయడం, రైతు చెప్పాలనుకున్నది కంపెనీకి చేరవేయడం, ఇదీ ఆ పిల్ల ఉద్యోగం. రెండేళ్ళలో అరవై ఊళ్ళు అలా కూడగట్టింది. ఆఫీసు భాషలో దాన్ని నెట్‌వర్క్ అంటారు. సత్తిరాజు భాషలో అయితే "మన దుర్గమ్మ సుట్టరికాలు."

ఇవాళ ఆ సత్తిరాజే ఆటో ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. ఆటోలో సోములు తాత తలకి తువ్వాలు చుట్టుకుని, డ్రైవరు సీటులో తల దించుకుని కూర్చున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆటో కప్పు మీద కట్టిన మైకు బాకా ఎండలో మెరుస్తోంది.

"సోములు మావా! నీ గొంతు నానెరగనేటి? మా అయ్య పోయినప్పుడు ఊరూరా తిరిగి సాటినావు. అదే గొంతు గదా ఇది?"

తాత మాట్లాడేది నెమ్మది. ఒక్కో మాటా తూచి దింపుతాడు. "గొంతు... నాదిలాగే ఉంది బాబూ. మాట... నాది కాదు."

"గొంతు నీదయ్యి మాట నీది కాకపోడమేటి? నోరేటైనా అద్దెకిచ్చినావేటి?"

జనంలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వులో తీపి లేదు.

"సత్తిరాజు మావా, ముందు ఏటైందో సెప్పు" అంది శ్రీదుర్గ.

"ఏటైందా? నీకు తెల్దా? పది దినాలై పట్నాల్లో కూకుని ఏటైందంటావేటమ్మా? ఇను మరి."

అతను జేబులోంచి ఫోను తీసి, కాల్ రికార్డింగు పెట్టాడు. ఫోనులోంచి సోములు తాత గొంతు వచ్చింది. అదే బొంగురు, అదే సాగదీత, మాటకీ మాటకీ మధ్య అదే ఊపిరి.

"నాతవరం రైతులారా... ఇనుకోండి. జీడిపిక్కలు ఎవలికీ అమ్మొద్దు. షావుకార్ల కాటాకి ఎత్తొద్దు. శుక్రవారం నాటికి... హరితమాల లారీలు మీ కల్లాల కాడికే వొచ్చి ఎత్తుకుంటాయి. అందాకా సరుకు కదపొద్దు. ఈ మాట సెప్పమన్నది... అప్పలలక్ష్మి కూతురు శ్రీదుర్గ."

శ్రీదుర్గ "మళ్ళీ పెట్టు" అంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే పేరు. తల్లి పేరు, తన పేరు.

ఆ పేరు ఎంత బరువైనదో తెలియాలంటే సోములు పద్ధతి తెలియాలి. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఊళ్ళకి ఏ కబురు చాటాలన్నా సోములు ఆటో రావాల్సిందే. పోలియో చుక్కల కబురు, పోయిన గేదె కబురు, కరెంటు తీసేసే కబురు, అన్నీ. కంటితో చూడనిది చాటడు. ఒకసారి సర్కసు వాళ్ళొచ్చి ఏనుగు వచ్చిందని చాటమంటే, డేరా వెనక్కి వెళ్ళి ఏనుగుని చూసి, దాని తొండం తాకి వచ్చాకే మైకు పట్టాడు. ఇంకో పద్ధతి, ఏ మాట చాటినా చివర్లో ఆ మాట చెప్పమన్న మనిషి పేరు చెప్పి తీరాలి. "పేరు లేని మాట గాలిమాటమ్మా" అంటాడు. మాట తప్పితే జనం సోముల్ని ఏమీ అనరు. పేరు పడిన మనిషి గుమ్మంలో వచ్చి కూర్చుంటారు. తిట్టరు, కొట్టరు. కూర్చుంటారంతే. ఆ ఇంటివాళ్ళు జవాబు చెప్పేదాకా లేవరు.

"శుక్రవారం ఎల్లిపోయింది, లారీ ఒక్కటీ రాలేదు. మూడు దినాలు మీ గుమ్మంలో కూకున్నాం" అన్నాడు సత్తిరాజు. "మీయమ్మ టీలు కాసి పోసింది గానీ, ఆవిడేటి జవాబు సెప్తాది?"

అప్పుడు కనపడింది శ్రీదుర్గకి తల్లి. జనం వెనక, గోడ నీడలో, తన రెండు బస్తాల పక్కన నిలబడి ఉంది. భర్త పోయాక తోటా ఇల్లూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. నలుగురిలో గొంతెత్తి ఎరగదు. మూడు రాత్రులు నిద్రలేని కళ్ళతో కూతుర్ని చూసింది.

"మూడుసార్లు ఫోను సేసినానే" అంది. "ట్రైనింగు ట్రైనింగని మూడుసార్లూ పెట్టీసినావు."

శ్రీదుర్గ ఆటో దగ్గరికి వెళ్ళి, సీటు పక్కన వంగింది.

"తాతా. నువ్వనలేదా?"

"నువ్వనమన్లేదా తల్లీ?"

"లేదు."

"నానూ అన్లేదు."

అంతే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అతను అనలేదు, ఈమె అనమనలేదు. మరి వీళ్ళిద్దరి మధ్యా మూడో మనిషి ఎవరు?

శ్రీదుర్గకి మాఘమాసంలో జరిగిన సంగతి గుర్తొచ్చింది. విశాఖపట్నంలో ఏసీ గది. రెండు రోజులపాటు సోములు తాతని కూర్చోబెట్టి, తను ఒక్కో మాటా అందిస్తుంటే అతను పలికాడు. ఊళ్ళ పేర్లు, వారాల పేర్లు, అంకెలు, పంటల పేర్లు. కంప్యూటర్ అతని గొంతు నేర్చుకుంటుందని, ఆనక ఏది టైపు చేస్తే అది అతని గొంతుతో పలుకుతుందని సాహితి చెప్పింది. "పెద్దాయన ఎండలో తిరగక్కర్లేదు దుర్గా, ఇంట్లో కూర్చుంటే ఆయన గొంతే తిరుగుతుంది" అంది. అది విని సంబరపడింది పిల్ల. ఇంగ్లీషు కాగితం మీద తాత వేలిముద్ర వేశాడు. "నువ్వు సదివినావు గదమ్మా, సాలు" అన్నాడు. ఆ పిల్ల పై రెండు లైన్లే చదివింది.

ఇక చివర్లో పేరు చెప్పే పద్ధతి. దాన్ని బయట ఒకే ఒక్క మనిషికి చెప్పింది శ్రీదుర్గ. బీచి రోడ్డులో కాఫీ తాగుతూ, గొప్పగా, మా ఊరి సంగతి చూడక్కా అన్నట్టు చెప్పింది. విన్న మనిషి ఫోను తీసి ఆ సంగతి రాసుకుంది కూడా.

శ్రీదుర్గ లేచి గేటు తోసుకుని లోపలికి నడిచింది.

*

లక్ష్మీసాహితి మేనేజరు గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. హరితమాల కంపెనీ మొత్తానికి కమ్యూనికేషన్స్ పెద్ద ఆవిడే. మూడేళ్ళ కిందట డిగ్రీ పూర్తయి, ఏం చేయాలో తెలియక, శ్రీదుర్గ ఫోనులో లింక్డ్‌ఇన్ తెరిచి నలభై మంది పెద్దపెద్ద వాళ్ళకి ఉత్తరాలు రాసింది. ముప్పై తొమ్మిది మంది పలకలేదు. పలికిన ఒక్కరూ ఈవిడే. ఎలా రాయాలో, ఎవరిని కలవాలో, కలిసినప్పుడు ఏం అడగాలో, ఏం అడగకూడదో అన్నీ నేర్పింది. తోడబుట్టిన అక్క లేని లోటు తీరిందనుకుంది పిల్ల. ఏటా కొత్త జీడిపప్పు వచ్చినప్పుడు మొదటి డబ్బా సాహితి అక్క ఇంటికే వెళ్ళేది.

"వచ్చావా! రా రా. ఎంత చిక్కిపోయావే! టిఫిన్ చేశావా?"

"అక్కా, ఆ ఫోన్లు ఎవరు చేశారు?"

"కూర్చో ముందు."

"ఎవరు చేశారక్కా?"

"సిస్టమ్ చేసింది."

"సిస్టమ్‌కి మా అమ్మ పేరు తెలుసా?"

సాహితి లేచి తలుపు వేసింది. అద్దాల గది. తలుపు వేసినా బయట జనం కనపడుతూనే ఉన్నారు, మాటలు మాత్రం వినపడటం మానేశాయి.

"చూడు దుర్గా. నువ్వు మేనేజరువి కాబోతున్నావు కాబట్టి మేనేజరుతో మాట్లాడినట్టే మాట్లాడతాను. పై దేశం నుంచి కంపెనీకి సరుకు రావాలి. ఓడ వస్తుందో రాదో తెలీదు. వస్తే మీ ఊళ్ళ సరుకు అక్కర్లేదు. రాకపోతే కావాలి. అది తేలేదాకా ఇక్కడి పిక్కలు షావుకార్ల చేతికి పోకుండా ఆపమన్నారు. సోములు గొంతు వింటే అరవై ఊళ్ళు ఆగుతాయని నువ్వే కదా నాకు చెప్పింది?"

"ఓడ వచ్చిందా?"

"వచ్చింది."

"అంటే లారీలు రావు."

"రావు."

ఎంత తేలిగ్గా అందో ఆ మాట! సిటీ బస్సు లేదని చెప్పినట్టు. శ్రీదుర్గ కుర్చీ అంచు పట్టుకుంది.

"అందుకేనా నన్ను పది రోజులు హైదరాబాదు పంపించావు?"

"ట్రైనింగు నిజమైందే. మంచి ట్రైనింగు. ఏం నేర్చుకున్నావు?"

"కష్టకాలంలో జనం నమ్మకం నిలబెట్టుకోవడం ఎలాగో నేర్పారు."

అన్నాక ఇద్దరికీ నవ్వొచ్చింది. ఒక్క క్షణం పాత రోజుల్లాగే ఇద్దరూ నవ్వారు. ముందు ఆపేసింది శ్రీదుర్గే.

"నా పేరెందుకు పెట్టావక్కా?"

"పేరు లేకపోతే నమ్మరన్నావుగా."

"నీ పేరు పెట్టొచ్చుగా?"

"నా పేరు ఇక్కడెవరికి తెలుసే?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటారే, అది ఇన్నాళ్ళూ మాటగా వింది శ్రీదుర్గ. ఇవాళ తెలిసింది, కోసేవాళ్ళ చేతికి వణుకు ఉండదని.

"తాత వేలిముద్ర వేసిన కాగితం చూపించు."

సాహితి లాప్‌టాప్ తిప్పి చూపించింది. శ్రీదుర్గ ఈసారి ప్రతి లైనూ చదివింది. సోములు గొంతు మీద సర్వ హక్కులూ కంపెనీవి. ఇప్పుడూ, ఎప్పుడూ. ఆయన బతికున్నా, పోయినా. ఏ మాటైనా పలికించుకోవచ్చు, ఆయన్ని అడగక్కర్లేదు. కింద వేలిముద్ర. దాని పక్కన సాక్షి సంతకం, గుండ్రటి చేత్తో, చివర చిన్న గీతతో. అది శ్రీదుర్గదే.

"చదవకుండా సంతకం పెట్టడం నీ తప్పు" అంది సాహితి, నెమ్మదిగానే.

"నువ్వు ఫార్మాలిటీ అన్నావు."

"అన్నాను. ఫార్మాలిటీయే."

ఆవిడ బ్యాగులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచింది. మొదటిది ఉద్యోగపు ఉత్తరం. శ్రీదుర్గ, కమ్యూనికేషన్స్ మేనేజర్, విశాఖపట్నం. రెండోది పత్రికా ప్రకటన. మైకు ప్రచారం చేసే సోములు అనే వ్యక్తి కంపెనీ అనుమతి లేకుండా, సొంత లాభం కోసం రైతులకి తప్పుడు సమాచారం ఇచ్చాడు. అతనితో కంపెనీకి ఏ సంబంధమూ లేదు. రైతులు అతని మాటలు నమ్మవద్దు. జారీ చేసినవారు శ్రీదుర్గ, కమ్యూనికేషన్స్ మేనేజర్.

మూడేళ్ళుగా ఆ రెండు మాటల కోసమే బతికింది ఆ పిల్ల. కమ్యూనికేషన్స్ మేనేజర్. కాగితం మీద తన పేరు పక్కన ఆ మాటలు ఎలా ఉంటాయో నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసుకుని చూసుకుంది ఒకప్పుడు. ఇవాళ అచ్చులో ఉన్నాయి. ఉన్నది మాత్రం రెండు చోట్లా. ఒకటి కావాలంటే ఇంకోటీ తీసుకోవాలి.

"మధ్యాహ్నంలోగా వెళ్ళాలి ఇది" అంది సాహితి. "నువ్వు సంతకం పెడితే నీ పేరు ఈ గొడవలోంచి బయటపడుతుంది. ఆ ముసలాయన్ని పోలీసులేం చేయరు, నేను చూసుకుంటా. నాలుగు నెలల్లో అంతా మర్చిపోతారు."

"తాత మర్చిపోతాడా?"

"దుర్గా, నేనూ ఇలాంటి కాగితం ఒకటి పెట్టాకే ఈ కుర్చీలోకి వచ్చాను. నీకు మాత్రమే చెప్తున్నా."

"ఎవరి మీద పెట్టావు?"

సాహితి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "పేరు గుర్తు లేదే" అంది.

అబద్ధమెందుకు, శ్రీదుర్గ చెయ్యి పెన్ను వైపు వెళ్ళింది. పెన్ను దొరికింది కూడా. తల్లి అరిగిపోయిన చెప్పులు గుర్తొచ్చాయి, నలభై ఉత్తరాలు గుర్తొచ్చాయి. పెట్టకపోతే ఏముంది? ఈ ఉద్యోగం పోతుంది, ఇంకో ఉద్యోగం రాదు. ఈ రంగంలో ప్రతి తలుపూ ఈవిడ పరిచయంతో తెరుచుకున్నదే. ఒక్క ఫోను చేస్తే అన్నీ మూసుకుంటాయి.

తలెత్తి అద్దంలోంచి బయటికి చూసింది.

సోములు తాత ఆటో కప్పు మీదికి ఎక్కుతున్నాడు. డెబ్భై ఏళ్ళ కాళ్ళు వణుకుతున్నాయి. కింద సత్తిరాజు చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నాడు. మాట వినపడకపోయినా ఏమంటున్నాడో తెలుస్తూనే ఉంది. బాకా విప్పమంటున్నాడు. నీకింక మైకు ఎందుకంటున్నాడు. తాత ఎదురు చెప్పలేదు. ముప్పై ఏళ్ళ కిందట తను కట్టిన ముడిని తనే, గోళ్ళతో, ఒక్కో పోగూ విప్పుతున్నాడు.

శ్రీదుర్గ పెన్ను బల్ల మీద పెట్టేసింది. రెండు కాగితాలూ కలిపి సాహితి వైపు జరిపింది.

"రెండూ నువ్వే ఉంచుకో అక్కా."

"పిచ్చిదానిలా చేయకు. బయటికెళ్ళి ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తాను."

"యంత్రం మాట్లాడిందని చెప్తావా? సోములు గొంతుతో? ఈ జనానికా?"

"నాను సెప్తే నమ్ముతారు" అంది శ్రీదుర్గ. రెండేళ్ళుగా ఈ గదిలో ఆఫీసు తెలుగే మాట్లాడిన పిల్ల, ఇంటి తెలుగులో అంది.

సాహితి ఆ పిల్ల ముఖంలోకి జాలిగా చూసింది. "నీ ఇష్టం. చెప్పాల్సింది చెప్పాను" అని, లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఏదో టైపు చేయడం మొదలుపెట్టింది. పని రాక్షసి. ఎప్పుడూ అంతే అనుకుంది శ్రీదుర్గ. అనుకుని బయటికి వచ్చేసింది.

*

"తాతా, దిగు. విప్పొద్దు."

"ఇప్పీమన్నారమ్మా."

"నాను సెప్తాను అందరికీ. నీ మైకులోనే సెప్తాను. దిగు."

సోములు తాత ఆ పిల్ల కళ్ళలోకి చూశాడు. ఏం కనపడిందో ఏమో, నెమ్మదిగా కిందికి దిగి, సీటు కింది పెట్టె తెరిచి స్విచ్చి వేశాడు. బాకా ఒకసారి కీచుమని మూలిగింది. మైకు తుడిచి ఇచ్చాడు.

"ఏటి సెప్తాది? లోపల అరగంట గూడుపుఠాణీ సేసొచ్చి!" అన్నారెవరో.

"సెప్పనియ్యండ్రా" అన్నాడు సత్తిరాజు. "ఆడపిల్ల, మనూరి పిల్ల. ఇందాం."

జనం సర్దుకున్నారు. గోడ నీడలోంచి అప్పలలక్ష్మి రెండడుగులు ముందుకి వచ్చింది. శ్రీదుర్గ మైకు నోటి దగ్గర పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత చెప్పాల్సిన మాట, చెప్పాల్సినవాళ్ళకి, తన నోటితో తను చెప్పబోతోంది.

"అందరికీ దండాలు. నాను అప్పలలక్ష్మి కూతుర్ని. మీకొచ్చిన ఫోను..."

ఎవరి జేబులోనో ఫోను మోగింది. అతను కంగారుగా నొక్కేశాడు. ఇంకోటి మోగింది. ఆ పక్కన ఇంకోటి. వరసగా పది, ఇరవై, యాభై. లుంగీ మడతల్లో, చొక్కా జేబుల్లో, రవికల్లో, తువ్వాళ్ళ మూటల్లో, అన్నీ ఒక్కసారే మోగాయి. జనం ఒకరినొకరు చూసుకున్నారు. సత్తిరాజు ఫోను ఎత్తి, అలవాటు కొద్దీ స్పీకరు పెట్టాడు.

"నాను శ్రీదుర్గని మాటాడతన్నాను" అంది ఫోను.

మైకు పట్టుకున్న శ్రీదుర్గ పెదవులు కదల్లేదు.

"సోములుతో ఆ మాట సెప్పమన్నది నాను కాదు. ఆడు షావుకార్ల కాడ సెయ్యి తడుపుకుని, నా పేరు వాడుకున్నాడు. కంపెనీకీ ఆడికీ ఏ సమ్మందమూ లేదు. ఆడి మాట నమ్మొద్దు. ఇయ్యాల్టి నుంచి ఆడి ఆటో మీ ఊళ్ళోకి రానియ్యొద్దు."

వంద ఫోన్లలో, ఒకదాని వెనక ఒకటిగా, అదే గొంతు. నవ్వబోయి ఆపుకున్నట్టుండే ఆ చిన్న జీర, మాట చివర ఆ చిన్న లాగుడు. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం సాహితి ఫోను చేసి గంటసేపు మాట్లాడించేది. "రికార్డు చేసుకుంటున్నా, ఏమనుకోకు. నీ పొరపాట్లు నీకే వినిపిస్తా" అనేది. ఎన్ని ఆదివారాలు!

"అది నాను కాదు!" అని అరిచింది శ్రీదుర్గ. బాకాలోంచి ఆ అరుపు రోడ్డంతా మోగింది. "అది నాను కాదు, యంత్రం! నా గొంతు దొంగిలించినారు!"

బాకాలో ఒక శ్రీదుర్గ, ఫోనుల్లో ఒక శ్రీదుర్గ. గొంతు ఒకటే.

సత్తిరాజు ముఖం ఎర్రబడింది. "మమ్మల్ని ఎర్రోళ్ళనుకుంటన్నావేటమ్మా? అద్దాల గదిలో కూకుని ఆవిడ ముందర రికార్డు సేసినావు. బయటికొచ్చి మాకాడ కాదంటన్నావు. ఇటు కంపెనీకీ మంచిదానివే, అటు మాకూ మంచిదానివే. బలే నేర్సినావు సదువు!"

"కాదు మావా, నా మాటిను..."

"ఇన్నాం. ఇప్పుడే ఇన్నాం. ఫోనులో."

అప్పుడు సోములు తాత లేచాడు. ఆటో కడ్డీ పట్టుకుని నిలబడి, జనం వైపు చెయ్యెత్తాడు.

"ఒరే నాయనా... అది దుర్గమ్మ గొంతు కాదు. నాకు సేసినదే... ఆ పిల్లకీ సేసినారు."

జనం నవ్వారు. పొద్దున్నుంచి కడుపులో దాచుకున్న కోపమంతా ఆ నవ్వులో బయటికి వచ్చింది. "దొంగకి దొంగే సాచ్చికం!" అని ఎవరో అరిచారు. నిన్నటిదాకా ఆ మనిషి ఏనుగు వచ్చిందంటే వచ్చినట్టే. ఇవాళ నిజం చెప్తున్న మనిషి అతనొక్కడే, అతని మాటే చెల్లలేదు. సోములు తాత చెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది.

శ్రీదుర్గ జనంలోంచి తల్లి ముఖం వెతుక్కుంది. ఎవరు నమ్మకపోయినా ఆ ఒక్కరూ నమ్మితే చాలు.

అప్పలలక్ష్మి ఫోను చెవికి ఆనించుకుని ఉంది. అందరూ పెట్టేసినా ఆమె పెట్టలేదు. చివరి మాటదాకా వింది. విన్నాక ఫోను కొంగులో ముడేసుకుని, జనాన్ని తప్పించుకుంటూ ఆటో దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నువ్వైనా నమ్మే. అది నాను కాదే."

"నువ్వూరుకో."

"దుర్గమ్మది కాదు అప్పలలచ్చిమీ..." అన్నాడు సోములు తాత.

"నువ్వూ ఊరుకో మావా. నీ మంచితనం కొద్దీ అంటన్నావు. కడుపున మోసినదాన్ని, దీని గొంతు నాకు తెల్దేటి?"

అని, ఏనాడూ నలుగురిలో నోరు విప్పని ఆ తల్లి, కూతురి చేతిలోంచి మైకు తీసుకుంది. ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది. పేరు పడింది, గుమ్మంలో జనం కూర్చున్నారు, జవాబు చెప్పాల్సిన ఇల్లు అది. జనం వైపు తిరిగింది. కూతురి వైపు చూడలేదు.

"ఇనుకోండి" అంది. "నాను అప్పలలక్ష్మిని. ఇయ్యాల్టి నుంచి నాకు..."